గృహశిల్పము: ఆటలారీకి బాడీ కట్టుట



బెజవాడ ఆటోనగరమున లారీలకు బాడీ కట్టు పనివారిని చూడని వారు మన కృష్ణాతీరమున నరుదు. కర్మాగారమునుండి వచ్చునప్పుడు లారీకి ఇంజను, చక్రములు, ఉక్కుదూలములు మాత్రమే యుండును. ఆ యస్థిపంజరమును ఛాసిస్ అందురు. దానికి దేహము కల్పించువారు ఇచ్చటి వడ్రంగులు, కమ్మరులు. అలంకారము చేయువారు రంగులవారు. ఇక మా యిబ్రహీంపట్నమా, రెండు జాతీయ రహదారులు కలియు తావు. హైదరాబాదునుండి మచిలీపట్నమునకు సాగు 65వ దారి యొకటి. ఛత్తీస్‌గఢ్ వైపునుండి కొత్తగూడెము, తిరువూరు మీదుగా వచ్చి యిచ్చటనే ముగియు 30వ దారి మఱియొకటి. రేయింబవళ్లు లారీలు పోవుచుండుటచే మా వీధి పిల్లలు అక్షరములకంటె ముందు లారీల గుఱుతులు నేర్తురు. కావున ఈ మాసము లారీని గూర్చి వ్రాయుట మీకు వింతగా తోచదని తలచెదను.

గొల్లపూడినుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఇందులకు కారణము. ఆమె కుమారునికి మేనమామ రేడియోతో నడచు ఆటలారీ నొకదానిని కానుకగా నిచ్చెనట. అది మేడమెట్ల మీదినుండి పడి బాడీ చీలిపోయినది. మోటారునకు, చక్రములకు ఏ హానియు కలుగలేదు. క్రొత్త బాడీ విడిగా తెప్పింపగా, అది రంగు లేక గాజువలె స్వచ్ఛముగా నున్నది. దానిని కత్తిరించి, అమర్చి, రంగు వేయుట కొన్నవారి పనియేనట. పండ్రెండేండ్ల కూతురు ఆ పని తాను చేసెదనని పట్టుపట్టినది. అత్తగారు, "ఆడపిల్లకు లారీలేల? బొమ్మల కొలువు తీర్చుకొన్న చాలదా? పైగా కత్తులు, ఘాటు రంగులు!" అని వారించిరట. పని యెట్లు చేయవలయును, పిల్లచేత చేయింపవచ్చునా, అని ఆ సోదరి ప్రశ్న.

రెండవ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పెదను. మన పూర్వులు చెప్పిన చతుష్షష్టి కళలలో సంగీతము, పూలమాలలు కట్టుట, వంటలు మాత్రమే గలవని పలువురు తలతురు. ఆ పట్టికలో ఆలేఖ్యము, అనగా చిత్రరచన, గలదు. తక్షణము, అనగా కొయ్యపని, గలదు. యంత్రమాతృక యను యంత్రనిర్మాణవిద్యయు గలదు. వీనిని స్త్రీలును అభ్యసింపవలెననియే వాత్స్యాయనుని మతము. ఉషాపరిణయ కథలో దేశదేశముల రాజకుమారుల రూపములను వ్రాసి చూపినది చిత్రలేఖ యను కన్యయే కదా! కావున కుంచె పట్టుటగాని యంత్రమును విప్పి కూర్చుటగాని ఆడపిల్లకు తగదనుటకు శాస్త్రమున నాధారము లేదు.

అయినను అత్తగారి మాటలో సగము సత్యము. కత్తుల విషయమును, రంగుల ఘాటు విషయమును ఆమె భయపడుట న్యాయమే. ఆ భయము ఆడపిల్లకెంతయో మగపిల్లవానికిని అంతయే వర్తించును. దానిని తీర్చు జాగ్రత్తలు పనిలో భాగముగా చెప్పెదను.

మొదట వస్తువు నెరుగుడు. ఈ స్వచ్ఛమైన బాడీ గాజు కాదు. పాలికార్బొనేటు అను ప్లాస్టికు. 1953లో జర్మనీ దేశపు బేయరు సంస్థలో హెర్మన్ ష్నెల్, అదే సంవత్సరమున అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో డేనియల్ ఫాక్స్, ఒకరి పని యొకరెరుగకయే దీనిని కనుగొనిరి. వంగును గాని సులభముగా పగులదు. అందుచేతనే హెల్మెట్ల ముఖపుటద్దములకును, కంటియద్దములకును దీనిని వాడుదురు. దీని పలుచని పలకను వేడిచేసి, అచ్చుమీద పఱచి, నడుమనున్న గాలిని లాగివేసినచో లారీ యాకారము వచ్చును. రేడియోతో బొమ్మను నడుపుట యనునది యింతకంటె పాత విద్య. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను తీగ లేకుండ దూరమునుండి నడిపి జనులను విభ్రాంతుల గావించెను.

ఇక పని. ఇందు నాలుగంచెలు గలవు: కత్తిరించుట, అమర్చుట, కడుగుట, రంగు వేయుట. ఈ క్రమము తప్పరాదు. రంగు వేసిన పిమ్మట బాడీలోనుండి చూపు సాగదు. అమర్చుటకు గుఱుతులు పెట్టుకొనుట కష్టమగును. స్వచ్ఛముగా నున్నప్పుడే ఛాసిస్ మీద పెట్టి చూచినచో లోపలి పుల్లలు ఎచ్చట నున్నవో కంటికి తెలియును. బాడీ వెలుపలి వైపున ఒక పలుచని పొర అంటియుండును. పని యంతయు ముగియువఱకు దానిని తీయకుడు. గీతలనుండియు, రంగు తుంపరలనుండియు అదియే కాపాడును.

కత్తిరించుట: బాడీ యంచులలో ఎంతవఱకు కోయవలెనో తెలుపు గీత యచ్చులోనే పడియుండును. దానిమీద కలముతో గుఱుతు పెట్టుడు. తిన్నని గీతలకు కత్తెర వలదు. పదునైన చిన్న కత్తితో గీతవెంట మెల్లగా రెండు మూడు మార్లు గీరి, ఆ పట్టీని ఇటునటు వంచినచో గీతవెంటనే విఱుగును. కత్తిని ఒత్తి పట్టరాదు. జాఱి వేలు తెగును. ఈ గీరు పని పెద్దలే చేయుట మేలు. చక్రములమీది వంపులకు గోళ్లు తీయు వంపుకత్తెర వంటిది కావలెను. మొదట గీతకు రవ్వంత లోపలనే నిలిపి మోటుగా కోసి, పిదప కొంచెము కొంచెముగా గీతవఱకు రావలెను. కుట్టుపని యెరిగిన మీకు వేఱుగ చెప్పనేల? రవికె గుడ్డ ఎక్కువ యున్న తగ్గింపవచ్చును, తక్కువైన చేర్పలేము. చివర గరుకు కాగితమును గుండ్రని డబ్బాకు చుట్టి వంపులను నునుపు చేయుడు. లోమూలలు సూదిగా తెగినచో దెబ్బ తగిలినపుడు చీలిక అచ్చటనే పుట్టును. కావున మూలయందు మొదట చిన్న గుండ్రని రంధ్రము చేసి, కోత దానిలో ముగియునట్లు చూడవలెను.

అమర్చుట: ఛాసిస్ నుండి సాధారణముగా నాలుగు పుల్లలు నిటారుగా లేచియుండును. బాడీని వానిపై నుంచి ముందు వెనుకలు, కుడి యెడమలు సమముగా నున్నవేమో చూడుడు. ముందు చక్రములను పూర్తిగా కుడికిని, ఎడమకును త్రిప్పి చూడుడు. ఛాసిస్‌ను చేతితో క్రిందికి నొక్కియు చూడుడు. చక్రము బాడీకి ఒరసినచో వంపును ఇంకను కొంచెము తీయవలెను. అంతయు సరియైన పిమ్మట పుల్లల కొనలు తగులు చోట వెలుపలి పొరపై చుక్కలు పెట్టి, సన్నని మొనతో రంధ్రము చేసి, మొన పెద్దదగుచు పోవు పనిముట్టుతో మెల్లగా పెంచుకొనుడు. పుల్ల దూరునంత చాలును. కాల్చిన మేకుతో రంధ్రము చేయు నలవాటు కొందఱికి గలదు. అది వలదు. చుట్టును కరగి వంకర పోవుటయే గాక పొగయు మంచిది కాదు. పుల్లకు అడ్డముగా చిన్న తీగ క్లిప్పు దూర్చినచో బాడీ కదలదు; తీసినచో చేతికి వచ్చును.

కడుగుట: దీనిని చిన్న పని యని విడువరాదు. అచ్చునుండి వచ్చినప్పటి జిడ్డును, మన చేతి చమురును లోపల నిలిచినచో రంగు పట్టదు. పాత్రలు తోము ద్రవసబ్బును గోరువెచ్చని నీటిలో కలిపి మెత్తని గుడ్డతో లోపల కడిగి, మంచినీటితో తొలిచి, నీడను ఆరబెట్టుడు. పిమ్మట అంచులు మాత్రమే పట్టుకొనవలెను. కిరసనాయిలు, పెట్రోలు, రంగులు పలుచన చేయు థిన్నరు దీనికి తగిలింపరాదు. ప్లాస్టికు మసకబాఱి నెఱియలు విచ్చును.

రంగు వేయుట: ఇచ్చటనే ఈ పనిలోని విశేషమున్నది. రంగు వెలుపల గాక లోపల వేయవలెను. లారీ గోడకు గుద్దుకొన్నను, రాళ్లపై దొరలినను గీతలు ప్లాస్టికుపై పడును గాని రంగు చెడదు. ముందుగా అద్దములు, దీపములు ఉండవలసిన చోట్లను లోపలినుండి టేపుతో కప్పి, అంచులను గోటితో గట్టిగా నొక్కుడు. రంగు పాలికార్బొనేటుకై చేసినదే కావలెను. తలుపులకు వేయు ఎనామిలు వేసినచో, బాడీ వంగినపుడు అది వంగలేక పెచ్చులూడును.

మన ముంగిట ముగ్గు వేసినను, గోడకు సున్నము వేసినను చివర వేసినదే కానవచ్చును. ఇచ్చట దాని కెదురు: మొదట వేసినదే వెలుపలికి కానవచ్చును, చివరిది మఱుగున పడును. కావున సన్నని పట్టెలు, పువ్వులు, చుక్కలు ముందు; నిండు రంగు పిదప. ముదురు రంగులు ముందు. లేత రంగులు పిదప. లేత పసుపు వెనుక నలుపు పడినచో పసుపు మాసిపోవును; నలుపు వెనుక పసుపు పడినను నలుపునకు లోటు లేదు. అన్నిటికిని వెనుక తెలుపుగాని వెండి రంగుగాని ఒక పూత వేసినచో రంగులు నిండుగా కానవచ్చును. పూతలు పలుచగా మూడు నాలుగు వేయుడు. ఒకటి ఆరిన పిమ్మటనే మఱియొకటి. ఒక్కసారిగా దట్టముగా వేసినచో రంగు కారి టేపు క్రిందికి దూరును. మొదటి పూత చూచుటకు బొత్తిగా పలుచగా, ఏమియు పట్టనట్లు తోచును. పిల్లలు తొందరపడి దట్టము చేయబోదురు. ఆగుట నేర్పవలసిన తావిది.

లారీ వెనుక పేరు వ్రాయవలెనని పిల్లలు కోరుదురు. లోపలినుండి వ్రాయుదుము గాన అక్షరములు తిరుగబడి యుండవలెను. లేనిచో వెలుపలినుండి చూచువారికి తలక్రిందుల తెలుగు చదివినట్లుండును. ఉపాయము చెప్పెదను. పలుచని కాగితముపై పేరు సరిగా వ్రాసి, వ్రాత బయటి వైపునకు కానవచ్చునట్లు బాడీ వెలుపల అంటించుడు. వెలుతురునకు ఎదురుగా పట్టి లోపలినుండి చూచినచో ఆ పేరు తిరుగబడి కానవచ్చును. ఆ జాడనే సన్నని కుంచెతో దిద్దుడు. కాగితము తీసిన పిమ్మట వెలుపలినుండి పేరు చక్కగా చదువబడును.

జాగ్రత్తలు: స్ప్రే డబ్బాలోని రంగు ఘాటైనది, అందలి వాయువు నిప్పంటుకొనును. వంటయింటిలోను, పొయ్యి దాపునను, దేవుని దీపము వెలుగు గదిలోను వాడరాదు. డాబామీద గాలికి వీపు పెట్టి, ముక్కునకు రంగుల ఆవిరిని ఆపు మాస్కు కట్టుకొని పెద్దలే వేయవలెను. గర్భవతులు, చంటిబిడ్డలు దరిదాపుల నుండరాదు. పిల్లలచేత వేయింపదలచినచో పాలికార్బొనేటునకు తగిన నీటిరంగులును గలవు. వానిని కుంచెతో వేయవచ్చును, ఘాటును తక్కువ. గొల్లపూడి సోదరికి నా సలహా యిదియే. మన డెల్టాలో శ్రావణ భాద్రపదముల తేమలో స్ప్రే రంగు తెల్లగా మసకబాఱును. రోహిణీకార్తెలో తుంపర బాడీని చేరకముందే ఆరి గరుకగును. పొడిగా, చల్లగా నుండు మాఘమాసపు ఉదయములు అనుకూలము. చివరి మాట బ్యాటరీలను గూర్చి. లారీ బ్యాటరీని పెద్దలు దగ్గఱ నుండగనే చార్జి చేయవలెను. గుండీవంటి చిన్న బ్యాటరీలు ఇంట నున్నచో పసివారికి అందనీయకుడు; మ్రింగినచో కొలది గంటలలోనే గొంతు కాలి ప్రాణాపాయము కలుగును.

ఆరిన పిమ్మట టేపులు మెల్లగా లాగి, అన్నిటికంటె చివర వెలుపలి పొరను ఒలిచినచో, అద్దమువంటి మెఱుపుతో లారీ బయటపడును. అప్పటి పిల్లల ముఖములు చూడవలసినవే గాని వర్ణింపదగినవి కావు.

ఈ విద్య ఎక్కడిదో పరాయిది యని మీకు తోచెనేని, మా పొరుగుననున్న కొండపల్లిని తలచుకొనుడు. అచ్చటి శిల్పులు తెల్లపొణికి కొయ్యను చెక్కి, తేమ పోవునట్లు సన్నని సెగను కాచి, కాలుసేతులను వేఱువేఱుగా చేసి, చింతగింజల పిండిని ఱంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతుకుదురు. పిదప సుద్ద పూసి, మేకవెండ్రుకల కుంచెలతో రంగు లద్దుదురు. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టు నెక్కు గీతగాడు, దశావతారములు: ఇవన్నియు కోసి, అమర్చి, పూసి చేసినవే. ఆ యిండ్లలో రంగులద్దు పనిలో స్త్రీల చేతులు మెండుగా నున్నవి. మనము కొలువులో వరుసగా నిలుపు బొమ్మలలో ఎన్నింటికి కన్ను దిద్దినది ఒక యిల్లాలో! తెల్లపొణికి కొండలలో తఱిగిపోవుచుండుటయు, యంత్రపు బొమ్మలు చవుకగా వచ్చుటయు ఆ కుటుంబములకు కష్టమైనది. 2021 జనవరి మొదటి తేదీనుండి మన దేశమున ఆటబొమ్మలకు ప్రమాణముద్ర తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపుగల కొండపల్లి వంటి బొమ్మల అధికృత తయారీదారులకును మినహాయింపు నిచ్చిరి. అది మేలే గాని, కొనువారు లేనిదే మినహాయింపు కూడు పెట్టదు. ప్లాస్టికు లారీకి స్వయముగా రంగువేసిన పిల్ల, కొండపల్లి ఎడ్లబండి ధర విని "ఇంతయా?" అనదు. ఒక అంచు నునుపు చేయుట కెంత సేపు పట్టునో దాని చేతికి తెలిసియుండును.

గొల్లపూడి సోదరికి మఱియొక మాట, ఇది అందఱు తల్లులకును వర్తించునది. ఆ పిల్ల శ్రద్ధతో బాడీ కట్టి రంగువేయును; సందేహము లేదు. పని ముగియగానే నడుపు రేడియో ఎవరి చేతిలో నుండును? మన యిండ్లలో పని కూతురిది, ఆట కొడుకుది యగుట క్రొత్త గాదు. పిండివంట చేసినవారు చివర తినుటయు, బట్టలు కుట్టినవారు పాతవి కట్టుటయు మనకు గుణముగా నేర్పబడినవి. దానిని ఈ ఆటతో మరల నేర్పకుడు. కట్టినవారు ముందు నడుపవలెను. కుమారుడు అక్క ప్రక్కన కూర్చుండి గరుకు కాగితము రుద్దవలెను, టేపులు అంటింపవలెను, చివర నేలపై పడిన ముక్కలు ఊడ్వవలెను. అప్పుడు ఆ లారీ ఇద్దఱిది యగును. అక్క చేతిపనిని మన్నించుట నేర్చిన బాలుడు రేపు భార్య చేతిపనిని మన్నించును. దీనికై వేఱు నీతిపాఠము అక్కఱలేదు.

అత్తగారితో వాదింపనక్కఱలేదు. కొత్త లారీ కొనకుండ బాడీ మాత్రమే మార్చుటచే మిగిలిన సొమ్మెంతయో లెక్క చెప్పుడు. కత్తి పని మీరును, కుంచె పని పిల్లయు చేయుదురని మాట యిండు. లారీ పైని వ్రాయవలసిన పేరు ఆమెనే అడుగుడు. మనుమరాలు ఆ పేరును తిరుగవ్రాసి, తిన్నగా చదివించుట చూచిన పిదప, వచ్చు సంక్రాంతికి కొలువు మెట్లపై ఎడ్లబండి ప్రక్కన ఆ లారీకిని చోటిచ్చుటకు ఆమెయే ముందుకు వచ్చునని నా నమ్మకము. ఎడ్లబండిలో ధాన్యము తోలిన కాలము మనది. లారీలో తోలుచున్న కాలమును మనదే. రెండును కొలువులో నుండుట ధర్మమే.

చింతగింజల మక్కు ఇంట చేసుకొని, విఱిగిన కొయ్యబొమ్మల కాలుసేతులను అతుకు విధమును వచ్చు మాసము వివరించెదను. అందులకై చింతపండు ఒలిచినప్పటి గింజలను పారవేయక దాచియుంచుడు.